ఎవరి వాటాకూ రాని గడియారం

మన యూనిట్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక మాట చెబుతారు. బోర్డు మీద ఏముందో ఒక చోట రాయాలి, దాంతో ఏం చెయ్యాలో ఇంకో చోట రాయాలి అని. మీరు తలూపుతారు. ఇంత చిన్న సంగతికి ఇంత ఉపోద్ఘాతమెందుకని మనసులో అనుకుని టీకి పోతారు. అనుకోండి, తప్పు లేదు. కానీ ఆ మాట తేలడానికి మాకు ఒక ఎండాకాలం పట్టింది. ఆ ఎండాకాలంలో నా కుర్చీ పోయినంత పనైంది. అందుకని ఆ కథ మీకు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

నరసరావుపేటలో పత్తి గోడౌన్ల వెనక ఒక రేకుల షెడ్డులో మొదలైంది మన యూనిట్. కోడిగుడ్లు పొదిగే మిషన్లకు కంట్రోలు బోర్డులు చేసేవాళ్ళం. పొదిగే మిషను అంటే పెద్ద బీరువా. లోపల ట్రేల నిండా గుడ్లు. వేడి సరిగ్గా ఉండాలి, గాలి ఆడాలి, అన్నిటికంటే ముఖ్యం, ట్రేలు గంట గంటకూ అటూ ఇటూ ఒరగాలి. కోడి తన ముక్కుతో గుడ్లను దొర్లించదూ, అట్లాగన్న మాట. దొర్లించకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది.

నేను చేరింది సోల్డరింగ్ బెంచీ మీద, అంటే సీసం కరిగించి పార్టుల్ని బోర్డుకు అతికే చోట. అంతకు ముందు మిరపకాయలు కోసేదాన్ని. అక్షరాలు నాకు నా పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక వచ్చాయి, మా పేటలో సాయంకాలం నడిచే చదువుల బడిలో. అవి తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పార్టుల డబ్బాల మీద నుంచి వచ్చాయి. అందుకే నాకు ఏబీసీడీలు వరసలో చెప్పమంటే ఈనాటికీ తడబడతాను గానీ, పార్టు పేరు చూపిస్తే టక్కున చదువుతాను.

తర్వాత కళ్ళు మొరాయించాయి. పార్టుకు ముల్లు ఒకటే ఉన్నా నాకు రెండు కనపడేవి, అతకాల్సింది దాన్నో దీన్నో తెలిసేది కాదు. అద్దాలు మార్చాను, దీపం మార్చాను, చివరికి బెంచీయే మార్చారు. అప్పుడే మా దగ్గరికి కొత్త రకం చిప్పులొచ్చాయి. వాటితో పాటే డివైస్ ట్రీ అనే ఫైలు వచ్చింది. మేం దాన్ని ‘చెట్టు’ అనేవాళ్ళం. ఫలానా బోర్డు మీద ఫలానా చోట ఫ్యాను ఉంది, ఫలానా చోట తెర ఉంది, దానికి లయ ఇక్కడి నుంచి వస్తుంది అని కొమ్మలు కొమ్మలుగా రాసిన వివరం అది. అందులో ప్రోగ్రాము తెలివితేటలేమీ ఉండవు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. బోర్డు అంతా నా చేతుల్లో పుట్టిందే కాబట్టి ఆ ఫైళ్ళు రాసే పని నాకిచ్చారు. పెద్ద తెర, పెద్ద అక్షరాలు, కుర్చీకి వీపు. నా జీవితంలో వీపు ఉన్న కుర్చీలో కూర్చుని జీతం తీసుకోవడం అదే మొదలు.

ఇప్పుడు గడియారాల సంగతి. చిప్పులో గడియారమంటే టైము చెప్పేది కాదు. కోలాటంలో తాళం లాంటిది, మేం లయ అనేది దాన్నే. ఆ తాళం పడితేనే ప్రతి భాగమూ అడుగు వేస్తుంది. అది క్రిస్టల్ అనే చిన్న డబ్బాలో పుట్టి, సాగర్ కాలవలాగా పారుతుంది. పెద్ద కాలవలోంచి మేజరు, మేజరులోంచి మైనరు, అక్కడ్నించి పొలానికి. ప్రతి చీలిక దగ్గరా ఒక గేటు. ఇక బోర్డు లోపల కెర్నల్ అనే పెద్ద ప్రోగ్రాము ఒకటుంది, అది కాలవ గేట్లు చూసే లష్కరుతో సమానం. ఏ గేటు నీళ్ళు ఎవరూ అడగడం లేదో చూసి మూసేస్తూ పోతుంది, కరెంటు దండగని. నాది అని అడిగేవాడు ఒక్కడున్నా మూయదు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, ఈ కాలవల లెక్క ఎక్కడ రాయాలన్న దగ్గర.

మా సీనియర్ ఇంజనీరుది మాచర్ల. నాన్న లారీల మెకానిక్కు. ఈయన స్పానర్ల మధ్య పెరిగి, చదువుకుని, మళ్ళీ పల్నాడుకే వచ్చాడు. అందరం భాయ్ గారు అనేవాళ్ళం. ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, ఆయన రాసేవాడు. గడియారాల లెక్క కూడా ఆ డ్రైవర్లలోనే ఉండాలని ఆయన పట్టు.

జూనియర్ ఇంజనీరుది పెదకూరపాడు. ఆ పిల్ల వచ్చి నెల తిరక్కుండానే, లెక్కంతా చెట్టులోకి రావాలని పట్టు పట్టింది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ అన్నం తింటూ కూడా కొట్లాడుకునేవాళ్ళు.

“మన ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చీటీ రాసి గోడకి అంటిస్తామా? వండేవాడికి తెలుసు, చాలదా?” అనేవాడు భాయ్ గారు.

“వండేవాళ్ళు మారితే?”

“నేనెక్కడికీ పోనమ్మా.”

“ఇల్లు మారితే? చిన్న మిషనుకి ఒక బోర్డు, పెద్దదానికి ఒక బోర్డు. మీ డ్రైవరులో ఇప్పటికే ‘ఈ ఇల్లయితే ఉప్పు అటకమీద, ఆ ఇల్లయితే పొయ్యి పక్కన’ అని చాంతాడంత రాశారు. రేపు ఇంకో బోర్డు వస్తే?”

“రానీ, ఇంకో మూర రాస్తా.”

“పిన్నీ, నువ్వు చెప్పు,” అని ఆ పిల్ల నావైపు తిరిగేది.

“నన్ను లాగమాకండి, పప్పు చల్లారిపోతంది,” అనేదాన్ని. పైకి అట్లా అన్నాను గానీ నాకు దడగానే ఉండేది. లెక్కంతా డ్రైవర్లలోకి పోతే చెట్టు ఫైలు రాసే మనిషితో పనేముంది?

ఆ దడ నిజమేనని మా ఓనరు గారే తేల్చారు. వాళ్ళది బజారులో తాతల నాటి ఇనప సామాన్ల కొట్టు. అన్నదమ్ముల పంపకాల్లో కొట్టు ఇద్దరికి పోగా ఈయన తన వాటాతో ఈ యూనిట్ పెట్టారు. అందుకని ఏ తగాదా వచ్చినా ఆయనకు తెలిసిన మందు పంపకమే. రెంటచింతల హేచరీలో పెద్ద మిషనుకు బోర్డు చేసే ఆర్డరు వచ్చినప్పుడు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. నన్నూ పిలిచారు.

“ఫ్యాన్లు, తెర చెట్టు వాటా. మోటారు, హీటరు డ్రైవరు వాటా. సగం సగం. ఒకళ్ళ దాంట్లో ఇంకొకళ్ళు వేలు పెట్టమాకండి. ఈ ఆర్డరు అయిందాకా ఇంతే.”

“అండీ, గడియారాలు అట్టా విడగొడితే...” అని ఆ పిల్ల మొదలుపెట్టింది.

“కొట్టే విడగొట్టాం తల్లీ, గడియారాలో లెక్కా?” అన్నారాయన. తర్వాత నావైపు తిరిగారు. “ఏమ్మా, ఈసారి భాయ్ వాటా ఇబ్బంది లేకుండా నడిస్తే మొత్తం అటే తిప్పుకుందాం. ఒక చోట ఉంటే సుఖం. అప్పుడు నువ్వు మళ్ళీ సోల్డరింగ్‌కి వచ్చెయ్.”

“నాకు ముల్లు రెండు కనపడుద్దండీ.”

“రెండిట్లో ఒకటి కరెక్టే గదా,” అన్నారు. జోకే వేశారు, చెడ్డవాడు కాదు. కానీ నేను బయటికొచ్చి కుర్చీలో కూర్చుంటే దాని వీపు నాకు తగల్లేదు. సోల్డరింగ్ నావల్ల కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత మిగిలేది మిరప చేను. ఆ చేనుకు మోకాళ్ళు కావాలి, అవి కూడా కళ్ళ దారినే పోతున్నాయి.

బోర్డు తయారైంది. టెస్టింగులో నల్లేరు మీద బండిలా నడిచింది. మనం టెస్టు చేసేటప్పుడు కేబులు ఒకటి పెడతాం గదా. అది పెట్టగానే బోర్డు పసిగట్టి, లోపల జరిగేదంతా కంప్యూటరుకు చెప్పడం మొదలుపెడుతుంది. ఆ కబుర్లు చూస్తూ ట్రేలు ఒరిగించాం, ఆపాం, మళ్ళీ ఒరిగించాం. భాయ్ గారు చేతులు దులుపుకున్నాడు. బోర్డు రెంటచింతల పోయింది. నేను బల్ల సొరుగులో నా సామాను ఏముందో ఒకసారి చూసుకున్నాను. ఒక దువ్వెన, ఒక అద్దాల పెట్టె.

బోర్డు బిగించి గుడ్లు పెట్టిన మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది. హేచరీ నడిపే ఆమె గొంతు ఫోను బయటికి కూడా వినపడుతోంది.

“ఏందయ్యా మీ మిషను? ట్రేలు కదలటల్లా. రాత్రి నుంచి నేనూ నా కోడలూ చేత్తో తిప్పుతన్నాం. నాటుకోళ్ళ గుడ్లు, మళ్ళీ దొరుకుతయ్యా? వస్తారా, నన్నే బోర్డు పీకి బస్సెక్కించమంటారా?”

ముగ్గురం మాచర్ల బస్సెక్కాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, బోర్డు విప్పితే మళ్ళీ బిగించడం వాళ్ళిద్దరికీ రాదు. దారి పొడుగునా ఇద్దరూ చెరో కిటికీ పట్టుకుని కూర్చున్నారు. నా మనసు మాత్రం ఊరుకోలేదు. తప్పు భాయ్ గారి వాటాలో దొరికితే నా కుర్చీ నిలబడుతుంది. నా వాటాలో దొరికితే ఈ బస్సులోనే తిరిగి పోయేటప్పుడు దువ్వెన సంచీలో వేసుకోవడమే. తోటి మనిషి తప్పు చేసి ఉండాలని కోరుకోవడం బాగోలేదని తెలుసు. అయినా పిడుగురాళ్ళ దాటేదాకా అదే కోరుకున్నాను. గురజాల వచ్చాక కొంచెం తగ్గించాను.

రెంటచింతలలో దిగేసరికి తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుంటోంది. భాయ్ గారు తల మీద సంచీ పెట్టుకుని, “ఈ ఊళ్ళో గుడ్లకి మిషనెందుకు? వాకిట్లో పెడితే చాలదూ?” అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె వినేసింది. “ఎండ పొదగదు నాయనా, ఉడకబెడద్ది. రాండి లోపలికి.”

ఆమెకు నా వయసే ఉంటుంది. మెళ్ళో సిలువ, కొంగు నడుముకు బిగించి ఉంది, కుడిచెయ్యి పట్టేసి ఎడమచేత్తో తిప్పుతోంది. మాకు మజ్జిగ కూడా ఎడమచేత్తోనే ఇచ్చి, “ఏమనుకోమాకండి, ఆ చెయ్యి మీ మిషనే తినేసింది,” అంది.

భాయ్ గారు కేబులు పెట్టాడు. తెర మీద ‘తిప్పు’ బొత్తాం నొక్కాడు. ట్రేలు కిర్రుమని ఒరిగాయి.

ఆమె నోరు తెరిచింది. “ఇందాకటిదాకా చస్తే కదల్లా!”

“వైరు లూజేమో,” అని ఆయన అన్నీ నొక్కి చూసి, కేబులు తీసి చుట్టేశాడు. ఆమె బొత్తాం నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కేబులు పెట్టాడు. కిర్రుమంది. తీశాడు. మౌనం. కోడలు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

“మేస్త్రి నెత్తిన నిలబడితేనే వంగే కూలీలాగుందే ఇది,” అంది ఆమె.

నాకు ఎక్కడో తగిలింది. “కూలోళ్ళని అనమాకు వదినా, నేనూ మిరపకాయలు కోసినదాన్నే.”

“నేనూ కోసినదాన్నే. అందుకే పోల్చుకున్నా,” అంది. నాకు నవ్వొచ్చింది. మేస్త్రి బోదె దాటగానే గట్టు మీద కూలబడడం నాకు మాత్రం తెలియదా?

“పోనీ కేబులు ఇక్కడే ఉంచిపోతాం,” అన్నాడు భాయ్ గారు నీరసంగా.

“ఉంచండి. మీ ముగ్గుర్లో ఒకర్ని కూడా ఉంచండి. అన్నం నేను పెడతాలే.”

పెదకూరపాడు పిల్ల గ్లాసు కింద పెట్టి, “భాయ్, కేబులు పెట్టినప్పుడు ఏ గేటు తెరుచుకుంటది?” అని అడిగింది.

నేల మీద ఒక మూల తవుడు ఒలికి ఉంది. భాయ్ గారు గొంతుక్కూర్చుని దాంట్లో వేలితో కాలవ గీశాడు. “ఇది కబుర్ల లైనుకు పోయే మైనరు. ఇది మోటారుకు పోయే మైనరు.” వేలు పైకి పోయింది. రెండు మైనర్లూ ఒకే మేజరులోంచి చీలుతున్నాయి. ఆ చీలిక దగ్గర వేలు ఆగిపోయింది.

“ఈ మేజరు నాది అని కబుర్ల లైను అడుగుతోంది. అందుకే కేబులు ఉన్నంతసేపు తెరిచి ఉంటోంది,” అంది ఆ పిల్ల. “కేబులు తీస్తే ఇంక అడిగేవాళ్ళు లేరు. లష్కరు వచ్చి మూసేస్తున్నాడు. మోటారు తరఫున దీన్ని ఎవరు అడుగుతున్నారు?”

“అది చెట్టులో ఉంటదనుకున్నా. గడియారం గదా,” అన్నాడాయన.

“మీ డ్రైవరులో ఉంటదనుకున్నా. మోటారు గదా,” అందా పిల్ల.

ఇద్దరూ నావైపు చూశారు. “మోటారు భాయ్ వాటా, వేలు పెట్టొద్దన్నారు. నేను పెట్టలా,” అన్నాను.

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు గదులు ఎవరివి వాళ్ళు రాయించుకుంటారు. మధ్య గోడ మాత్రం ఎవరూ రాయించుకోరు. దానికి సున్నం నువ్వు వేస్తావని నేను, నేను వేస్తానని నువ్వు. ఒక వానకాలం అది పడేదాకా ఇద్దరూ సుఖంగానే ఉంటారు. భాయ్ గారి వాటాలోనూ తప్పు లేదు, నా వాటాలోనూ లేదు. పిడుగురాళ్ళ దాకా నేను కోరుకున్నది ఏ వాటాలోనూ దొరకలేదు.

“ఇప్పుడు డ్రైవరు మార్చాలంటే నరసరావుపేట పోవాల్సిందేనా?” అంది ఆ పిల్ల. లాప్‌టాప్‌లో చెట్టు ఫైళ్ళు మాత్రమే ఉన్నాయి.

భాయ్ గారు గడ్డం గోక్కున్నాడు. ఆయన సిగ్గుపడడం నేను అప్పుడే చూశాను. “అవసరం లేదేమో. మోటారు డ్రైవరులో ఒక వాక్యం పెట్టా. చెట్టు ఏదైనా గడియారం పేరు చెబితే దాన్ని అడిగి పట్టుకో, చెప్పకపోతే నడుస్తోందనుకుని పో అని.”

“మరి చెట్టు వద్దంటిరి గదా?”

“వద్దన్నా. కానీ రేపు మీరే గెలిస్తే మళ్ళీ నేను రాయాలి గదమ్మా, ముందుజాగ్రత్త.”

ఆ పిల్ల పకపకా నవ్వింది. “పిన్నీ, ఒక్క వాక్యం. మోటారుకు లయ ఎక్కడ్నించి వస్తదో రాయి.”

గుడ్ల అట్టల దొంతి మీద లాప్‌టాప్ పెట్టి నేను కొట్టడం మొదలుపెట్టాను. నాది ఒంటి వేలి టైపింగు. ఒక్కో అక్షరం వెతికి, అదేనని నిర్ధారణ చేసుకుని నొక్కుతాను. ఆ పిల్ల చేతులు దురదపెడుతున్నట్టు ముందుకొచ్చింది. “ఉండమ్మా, అక్కనే కొట్టనీ. ఆమె ఫైలు,” అన్నాడు భాయ్ గారు.

“కొట్టమను గానీ, ఈ నడకన కొడితే పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చి చూస్తయ్యి,” అంది హేచరీ ఆమె, ఎడమచేత్తో ట్రే తిప్పుతూ.

మొదటిసారి ఫైలు ఒప్పుకోలేదు, చివర చుక్క కామా మర్చిపోయాను. రెండోసారి ఒప్పుకుంది. బోర్డులోకి ఎక్కించి, ఆపి, మళ్ళీ వేసి, కేబులు తీసేశాం. భాయ్ గారు బొత్తాం నొక్కాడు. కిర్రుమని ఒరిగాయి. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

హేచరీ ఆమె మాత్రం కొట్టలేదు. “మీరు ముగ్గురూ నిలబడి చూస్తన్నారు గదా, కదలక ఏం చేస్తది? గంటకొకసారి దానంతటది తిప్పాల. ఎవరూ చూడనప్పుడు తిప్పాల. బయటికి నడవండి.”

“కేబులు తీసేశామండీ, ఇంక మనం చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే,” అన్నాడు భాయ్ గారు.

“మేస్త్రులంతా అట్టానే అనుకుంటారు. నడవండి.”

అందర్నీ బయటికి తోలి తలుపు మూసింది. లోపలికి చూడకుండా కిటికీకి గోనెపట్టా కూడా కట్టింది. రెంటచింతల మధ్యాహ్నం, రేకుల నీడ మూరెడు కూడా లేదు. ఇద్దరు ఇంజనీర్లు, అత్తాకోడళ్ళు, నేను, అయిదుగురం తలుపుకు చెవులు ఆనించి, మిషనుకు మేం ఉన్నట్టు తెలియకూడదని గుసగుసలు కూడా మానేసి నిలబడ్డాం. భాయ్ గారికి తుమ్ము వచ్చింది. ఆమె ఆయన ముక్కు పట్టుకుంది. అంత చదువుకున్న మనిషి, ముక్కు ఆమె చేతిలో పెట్టి బుద్ధిగా నిలబడ్డాడు.

ఎంతసేపైందో తెలియదు గానీ నా చెంప మీద తలుపు చెక్క అచ్చు పడింది. అప్పుడు లోపల కిర్రుమంది. నిదానంగా, చివరిదాకా, అన్ని ట్రేలూ.

ఆమె ముక్కు వదిలేసింది. “మనిషి అయింది,” అంది మిషను గురించి. తర్వాత కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గోడవార కూర్చుండిపోయింది. కోడలు లోపలికి పరిగెత్తి అన్నాల ఏర్పాటు చూసింది. తినకుండా బస్సెక్కనివ్వలేదు.

మర్నాడు ఓనరు గారి గదిలో ముగ్గురం నిలబడ్డాం. జరిగింది విని ఆయన నేరుగా అసలు మాటకొచ్చారు. “అంటే భాయ్, నీ వాటానే ఆగిపోయింది. సరే, రిపేరు అయింది గదా. ఇప్పుడు మొత్తం నీ డ్రైవర్లలోకే మార్చెయ్, ఒక చోట ఉంటే ఈ తలనొప్పి ఉండదు. చెట్టు తీసేద్దాం.”

నేను నేల చూశాను. ఆ పిల్ల నోరు తెరిచేలోపే భాయ్ గారు అందుకున్నాడు.

“తీసేస్తే నా డ్రైవరు ఎవర్ని అడగాలండీ?”

“దేన్ని?”

“నా మోటారుకు లయ ఎక్కడ్నించి వస్తంది అని. నిన్న అది అడిగింది, చెప్పేవాళ్ళు లేక ఆగిపోయింది. అడిగే పని నాది. ఇంకో బోర్డు వచ్చినా అదే అడుగుతది. చెప్పే పని అక్కది, ఏ బోర్డుకా బోర్డు. అక్కని బెంచీ మీదికి పంపితే నా డ్రైవరు ఆ బెంచీ దగ్గరికి పోయి అడగాల.”

ఓనరు గారు రెండు వేళ్ళు ఎత్తి లెక్క చూసుకున్నారు. “అయితే ఇది పంచుకునేది కాదంటావు. ఒకరు అడగాల, ఒకరు చెప్పాల.”

“అంతేనండీ.”

“ఈ మాత్రం ముందే చెప్పొచ్చుగా? అసలు చెరి సగం చెయ్యమని చెప్పిన బుద్ధిమంతుడు ఎవడంట?”

భాయ్ గారు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. ఆ పిల్ల గోళ్ళు చూసుకుంది. నేను ఆయన వెనక గోడ మీద ఉన్న వాళ్ళ తాతగారి ఫోటోకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. జవాబు ఆయన దగ్గరికి మెల్లగా నడుచుకుంటూ పోవడం నాకు కనిపించింది.

“టీ చెప్పండి,” అన్నారాయన.

టీ వచ్చేలోపు నేను వెళ్ళి కుర్చీలో కూర్చుని కొత్త బోర్డు ఫైలు తెరిచాను. భాయ్ గారు ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“చెప్పక్కా,” అన్నాడు. “ఈ బోర్డు మీద ఏమున్నాయి?”